ఇసుక ఋణము

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములందు కాపురముండు మనకు సముద్రము సెలవుల నాటి చుట్టము. పిల్లలను వెంటబెట్టుకొని విశాఖకు పోయి, రామకృష్ణా బీచిలో రెండుపూటలు గడపి, గవ్వలు ఏఱుకొని తిరిగి వత్తుము. ఆ యొడ్డు మఱుసటి యేటికి నిలిచియుండునా యను ప్రశ్న మనకు తోపదు. అచ్చట వలలు వేయు జాలరులకు, మురీమిక్స్‌చరు బండివారికి, మొక్కజొన్నపొత్తులు కాల్చి యమ్ము స్త్రీలకు అది ప్రతిదినము కూటి ప్రశ్నయే.

ఒడ్డనగా కదలని నేలయని తలంచుట పొరపాటు. అది నడచు ఇసుక. మన తూర్పుతీరమున నైరృతి ఋతుపవనకాలపు కెరటములు ఇసుకను ఉత్తరమునకు త్రోయును. ఈశాన్య ఋతుపవనములు కొంత వెనుకకు మరలించును. ఏడాది లెక్క చూచినచో ఉత్తరమునకు పోవునదే హెచ్చు. వచ్చు ఇసుకయు పోవు ఇసుకయు సరితూగినంతకాలము ఒడ్డు నిలుచును.

విశాఖలో 1933వ సంవత్సరమున తెఱువబడిన రేవు ఈ నడకకు అడ్డుపడెను. ఓడలత్రోవ ఇసుకతో పూడిపోకుండుటకై నాడు రెండు పాత ఓడలనే ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. 1976లో వెలుపలి రేవు ఏర్పడినప్పుడు పొడవైన రాతికట్టలు వెలసినవి. దక్షిణమునుండి వచ్చు ఇసుక అచ్చటనే ఆగిపోవుటచే, ఉత్తరముననున్న ఊరియొడ్డునకు రావలసిన భాగము తఱిగిపోయెను. రేవు నిర్మించినవా రీ సంగతి నెఱుగకపోలేదు. ఇసుక చేరు తావున గోయి యేర్పఱచి, చేరినదానిని డ్రెడ్జరు ఓడలతో తోడి, గొట్టములద్వారా ఊరియొడ్డున పోయు పద్ధతిని అవలంబించిరి. కావున మనము పాదములు తడుపుకొను ఆ తీరము కేవలము ప్రకృతి యిచ్చినది కాదు. ఏటేట తీర్పవలసిన ఋణముమీద నిలిచినది. ఒకయేడు తీర్పకున్న, మఱుసటియేడు సముద్రము వడ్డితో వసూలు చేసికొనును.

ఇప్పు డా వడ్డి హెచ్చుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖయొద్దనే తీరము దాటి, సముద్రపుటొడ్డు రోడ్డును దెబ్బతీసెను. 1901 మొదలు 2018 లోపల ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినదనియు, అందు 2006 తరువాత ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినదనియు ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘము తేల్చినది. ఇంతేగదా యని నవ్వరాదు. పల్లపు ఇసుకనేలపై మట్టము కొంచెము పెరిగినను కెరటము చాలదూరము లోనికి వచ్చును.

గోడ కట్టిన చాలదాయని కొందఱందురు. కాకినాడ చెంతనున్న ఉప్పాడను చూడుడు. అచ్చట రాళ్లతోను, ఇసుక నింపిన పెద్ద గొట్టములతోను కట్టిన గట్టు కెరటముల తాకిడికి చెదరినది. గోడ యింటిని కొంతకాలము కాచునేమోగాని ఇసుకను తేజాలదు. ఇసుక లేనిచోట వినోదయాత్రికుడు నిలువడు, యాత్రికుడు లేనిచోట బండివాని పొయ్యి వెలుగదు.

ఇతరదేశములందును ఈ తప్పు జరిగినది, దిద్దుబాటును జరిగినది. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నదీముఖమున 1960ల తొలినాళ్లలో కట్టలను పొడిగింపగా, ఉత్తరమునగల గోల్డ్‌కోస్టు ఒడ్డు కోతకు గుఱియయ్యెను. రెండు రాష్ట్రములవారు ఒడంబడిక చేసికొని, 1995లో చట్టము చేసి, 2001 నుండి యంత్రములతో ఇసుకను అవతలికి పంపసాగిరి. అచ్చట ఋణము తీర్చుట యొకరి దయ కాదు, చట్టబద్ధమైన బాధ్యత.

చదువరులారా! ఈ కథ మనకు క్రొత్తది కాదు. మన పారిశ్రామికవాడ మురుగు నక్కవాగున కలసి పొలములను చెఱచినప్పుడు, 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు వఱకు పోవలసివచ్చెను. లాభ మొకచోట, నష్ట మింకొకచోట. వాగునకు దిగువనున్న రైతునకును, రేవునకు ఉత్తరముననున్న జాలరికిని గల పోలిక ఇదియే. రేవును మూయుమని ఎవరును కోరరు, ఫ్యాక్టరీని మూయుమనియు కోరరు. లాభముపొందినవాడు నష్టపరిహారమును తన ఖర్చులో మొదటిపద్దుగా వ్రాసికొనవలెనని మాత్రమే కోరుట.

ఇక తీరవాసులకు చేయవలసిన సాయము రెండు విధములు. మొదటిది, మాట చెల్లుబడి. 2014 నాటి వీధివ్యాపారుల చట్టము ప్రకారము పట్టణ సంఘమునందు నూటికి 40 మందికి తక్కువగాకుండ వ్యాపారులే యుండవలెను; వారిలో మూడవవంతు స్త్రీలు. ఒడ్డు తఱిగినప్పుడు బండ్లనెచ్చటికి జరుపవలెనో ఆ స్త్రీలనడిగి నిర్ణయింపవలెను, లాఠీతో కాదు. రెండవది, జీవనమున వైవిధ్యము. మన జహీరాబాదు ప్రాంతపు పేదస్త్రీలు సంఘములుగా కూడి, ఒకే చేనిలో జొన్న, కొఱ్ఱ, కంది మొదలగు పలుపంటలు కలిపి వేయుచున్నారు. వాన తప్పి యొకటి పోయినను మఱొకటి కడుపు నింపును. సెలవులయాత్రికు నొక్కనినే నమ్మిన కుటుంబము ఒంటిపంట చేనివంటిది. చేపల నెండబెట్టుట, నిలువచేయుట, తీరమున చెట్లు పెంచుట మున్నగు పనులకు వారి చేతికి పెట్టుబడి యందవలెను.

ఈ సారి విశాఖకు పోయినప్పుడు పిల్లలు గవ్వలేఱుచుండగా, వారి పాదములక్రింది ఇసుక ఎచ్చటనుండి వచ్చినదో చెప్పుడు. ఎవరి ఋణ మెవరు తీర్చుచున్నారో వారే యడుగుదురు.