గోడ దిగిన అద్దం

ఫ్రెంచివాళ్లు ‘ప్సిషే’ అని పిలుచుకున్న నిలువుటద్దం 18వ శతాబ్దం చివర్లో ప్యారిస్ పడకగదుల్లోకి వచ్చింది. పెద్ద గాజుపలకలు చేయడం చేతనైంది కాబట్టే అది పుట్టిందంటారు. ఆ మాట సగమే నిజం. వెర్సాయిలో 1684లో పూర్తయిన అద్దాల మందిరంలో 357 అద్దాలున్నా, అవన్నీ పక్కపక్కన కూర్చిన చిన్న పలకలే. ఊది చేసే గాజుతో అంతకంటే పెద్ద పలక కష్టం. కరిగిన గాజును లోహపు బల్ల మీద పోసి రోలరుతో పరిచే పద్ధతి 1680ల చివర్లో వచ్చింది. ఇవాళ మన అద్దాల దుకాణాల్లో వినిపించే సెయింట్ గోబెయిన్, ఆ పని సాగిన ఊరి పేరే. మరి చేతనయ్యాక కూడా నూరేళ్ల దాకా నిలువెత్తు అద్దం గోడను ఎందుకు వదల్లేదు?

అద్దం పని అప్పట్లో వేరు గనక. పొయ్యిగూడు పైన, కిటికీల మధ్య బిగించి, కొవ్వొత్తుల వెలుగును రెట్టింపు చేయడానికే దాన్ని వాడారు. మనిషి తనను చూసుకోవడానికి అలంకరణ బల్ల మీది చిన్న అద్దం సరిపోయేది, ఎందుకంటే ముస్తాబంతా జుట్టులోనూ, ముఖానికద్దే పౌడరులోనూ ఉండేది. 1790లలో ఆ లెక్క తప్పింది. పంజరాల్లాంటి లంగాలు పోయి, రొమ్ము కిందే బిగిసి అక్కడినుంచి పాదాల దాకా జారే పలచని మస్లిన్ గౌను వచ్చింది. అది ఒంటి మీద ఎలా పడిందో కూర్చుంటే తెలియదు. నిలబడాలి, తల నుంచి అంచు దాకా ఒక్క చూపులో కనబడాలి. అద్దాన్ని రెండు స్తంభాల మధ్య ఇరుసు మీద వేలాడదీసింది అందుకే. కాస్త వాల్చితే గౌను అంచు, కాస్త ఎత్తితే తలకట్టు. మన ‘నిలువుటద్దం’ అన్న మాటలో నిలువు ఉంది గానీ ఈ వాలు లేదు. నా లెక్కన అసలు కొత్తదనం ఆ వాలులోనే ఉంది.

ఇదంతా గ్రీకు, రోమన్ మోజే కదా, పేరు కూడా మన్మథుడి ప్రేయసిదే కదా అనవచ్చు. ఆ మోజు కాదనలేనిదే. చిత్రకారుడు జెరార్ మన్మథుణ్ణీ ప్సిషేనీ చిత్రించింది 1798లోనే. కానీ అంత గాజుపలక ప్రాచీనుల దగ్గర లేదు. పైన గుడి ముఖద్వారంలాంటి త్రికోణం, పక్కన స్తంభాలు, కొవ్వొత్తులకు కంచు చేతులు: ఇవన్నీ కొత్త వస్తువుకు తొడిగిన పాత బట్టలు. మోజే కారణమైతే చట్రం మారితే చాలు, అద్దం కదలనక్కర్లేదు. మహాగని కరువైన కాలంలో ఫ్రెంచి వడ్రంగులు మేపుల్ లాంటి స్వదేశీ కలపకు మళ్లినా ఇరుసును మాత్రం వదల్లేదు.

1810లో నెపోలియన్ కొత్త భార్య మరీ లూయిజ్‌కు ప్యారిస్ నగరం ఇచ్చిన అలంకరణ సామగ్రిలోనూ ప్సిషే ఉంది. చిత్రకారుడు ప్రూదోన్ గీస్తే, లోహపు పనివాళ్లు ఓడియో, తోమీర్ బంగారుపూత వెండితో చేశారు. తర్వాత ఇటలీలోని పార్మాలో ఉండగా ఆమె దాన్ని కరిగించేసింది. ప్రూదోన్ గీతలు మాత్రం మిగిలాయి.