చెప్పినవాడి పేరే నిలిచింది

మన భౌతికశాస్త్రం పుస్తకాలు రాసిన పెద్దలు ‘ఛార్జి’ అనే ఇంగ్లీషు మాటకి ‘ఆవేశం’ అని పేరు పెట్టారు. ఇంతకంటె చక్కని మాట దొరకదని నా నమ్మకం. ఇద్దరు ఆవేశపరుల్ని తీసుకొచ్చి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి చూడండి. అయిదు నిమిషాల్లో చెరో మూలకీ జరుగుతారు. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని బడిలో వల్లెవేసినప్పుడు అర్థం కాని సంగతి, పెళ్ళివారి విడిదిలో ఇట్టే అర్థమవుతుంది.

అయితే మనుషుల ఆవేశానికి కొలత లేదు. విద్యుత్తు ఆవేశానికి ఉంది. ఆ కొలత దొరికిన కథలో ఇద్దరు పెద్దమనుషులున్నారు. ఒకాయన కనుక్కున్నాడు, నలుగురికీ చెప్పాడు. రెండో ఆయన అంతకు పన్నెండేళ్ళ ముందే కనుక్కుని, కాగితాలు మడిచి లోపల పెట్టేసుకున్నాడు.

ముందు చిక్కేమిటో చూద్దాం. రెండు చిన్న బెండు బంతుల్ని పట్టుదారాలతో పక్కపక్కనే వేలాడదీసి, రెండింటికీ ఒకేరకం ఆవేశం ఇస్తే అవి ఎడంగా జరిగి నిలబడతాయి. మధ్యలో తాడు లేదు, కర్ర లేదు. ఆ తోపు కంటికి కనిపించదు. కనిపించనిదాన్ని తూచడం ఎలా?

దీనికి ఇప్పటి పిల్లలు గీసే బొమ్మ పేరు ‘ఫ్రీ బాడీ డయాగ్రమ్’. మన పుస్తకాల్లో ‘స్వేచ్ఛా వస్తు పటం’. పేరు విని జడుసుకోనక్కర్లేదు. తగువు తీర్చే పెద్దమనిషి చేసే పనే ఇది. పదిమంది ఒకేసారి అరుస్తుంటే ఆయన ఒక్కణ్ణి పక్కకి పిలుస్తాడు. “నిన్ను ఎవరెవరు ఎటు లాగుతున్నారో చెప్పు. నువ్వు ఎవర్ని లాగుతున్నావో తరవాత చూద్దాం” అంటాడు. అలాగే ఇక్కడా ఒక్క బంతిని వేరుచేసి, దానిమీద పనిచేసే బలాలకి మాత్రమే బాణాలు గీయాలి. కిందికి బరువు. దారం వెంట పైకి దారం లాగుడు. పక్కకి రెండో బంతి తోపు. బంతి కదలకుండా నిలిచిందంటే మూడు బాణాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయన్నమాట. బంతి బరువు తూచవచ్చు, దారం ఎంత వాలిందో కొలవవచ్చు. ఆ రెండూ తెలిస్తే దొంగలా దాగిన మూడోది దొరికిపోతుంది.

ఇలా ఒకదాన్ని వేరుచేసి చూడటంలో సిద్ధహస్తుడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు షార్ల్ ఆగస్టిన్ ద కూలుమ్. 1736లో పుట్టాడు. సైన్యంలో చేరి, 1764 నుంచి 1772 దాకా కరీబియన్ సముద్రంలోని మార్టినీక్ దీవిలో కోట కట్టించాడు. ఆరోగ్యం పాడు చేసుకుని ఇంటికొచ్చాడు పాపం. కాని ఊరికే రాలేదు. మట్టికి అడ్డంగా కట్టిన గోడ ఎంత తోపుకి తట్టుకోవాలి అన్న ప్రశ్నకి జవాబు రాసి, 1773లో పారిస్ అకాడమీకి సమర్పించాడు. గోడ వెనక మట్టినంతా పట్టించుకోకుండా, జారిపడబోయే ముక్కని మాత్రం మనసులో కోసి వేరుచేసి, దాని బరువెంత, రాపిడి ఎంత, గోడ ఆపుదల ఎంత అని లెక్కగట్టాడు. మట్టిపెళ్ళని విచారించినవాడికి బెండు బంతి ఓ లెక్కా!

ఆవేశాల తోపుని ఆయన బరువుతో కాక తీగె మెలితో తూచాడు. సన్నని తీగెని ఎంత మెలిపెడితే అంత బలంగా వెనక్కి తిరగబోతుందని 1784లోనే తేల్చుకున్నాడు. 1785లో ఒక వెండి తీగెకి చిన్న అడ్డపుల్ల వేలాడదీసి, దాని కొసన బెండు బంతి పెట్టాడు. పక్కన కదలని బంతి ఇంకొకటి. గాలి తగలకుండా చుట్టూ గాజు పాత్ర. ఇదే విమోటన త్రాసు.

రెండు బంతులకీ ఆవేశం ఇవ్వగానే ఎడం 36 డిగ్రీలైంది. తీగె మెలీ అంతే, 36. ఎడం సగానికి, అంటే 18కి తేవాలంటే తీగె మొత్తం మెలి 144 కావలసివచ్చింది. దూరం సగం, బలం నాలుగింతలు! మళ్ళీ దగ్గరికి తెస్తే, ఎనిమిదిన్నర డిగ్రీల ఎడానికి మెలి 575.5. దూరం పావైతే బలం పదహారింతలు, అంటే 576 రావాలి. ఎడం తొమ్మిది దగ్గర కాక ఎనిమిదిన్నర దగ్గర ఆగిందన్న మాట నిజమే. అయినా లెక్క తీరు తెలిసిపోయింది. అదే విలోమ వర్గ నియమం. కూలుమ్ దాన్ని అకాడమీలో చదివాడు. అచ్చయింది. లోకం అందుకుంది.

ఇక రెండో ఆయన లండన్‌లో ఉండే హెన్రీ కావెండిష్. మహా సంపన్నుడు, అంతకు మించిన మొహమాటస్థుడు. రాత్రికేం వండాలో పనిమనిషికి నోటితో చెప్పలేక చీటీ రాసి పెట్టేవాడని చెబుతారు. 1772-73 ప్రాంతంలో ఈయన ఒక లోహపు పూత గోళాన్ని, రెండు డొప్పలుగా తెరుచుకునే మరో గోళంలో పెట్టాడు. రెండింటినీ తీగెతో కలిపి ఆవేశం ఇచ్చాడు. తీగె తీసేసి, డొప్పలు విప్పి, లోపలి గోళాన్ని బెండు బంతులతో పరీక్షించాడు. అందులో ఏమీ లేదు!

ఆ ‘ఏమీ లేదు’లోనే ఉంది కిటుకంతా. గోళం లోపల ఎక్కడ నిలబడినా దగ్గరి గోడ మీద ఆవేశం కొంచెమే, కాని దగ్గర. ఎదుటి గోడ మీద ఆవేశం ఎక్కువ, కాని దూరం. దూరం రెట్టింపైతే అటు ఆవేశం నాలుగింతలవుతుంది, దాని బలం నాలుగో వంతవుతుంది. బాణాలన్నీ సరిగ్గా సున్నా కావాలంటే దూరం వర్గం తప్ప వేరే నియమం కుదరదు. తేడా ఉంటే యాభయ్యోవంతుకి మించదని కూడా కావెండిష్ లెక్కగట్టాడు. మెలి త్రాసు అక్కర్లేకుండానే పని పూర్తి చేశాడు.

ఆయన అసలేమీ అచ్చువేయలేదని కాదు. విద్యుత్తు మీద 1771లోనూ 1776లోనూ వ్యాసాలు వచ్చాయి. ఇది మాత్రం బయటికి రాలేదు. ఇదొక్కటేనా? తీగెల్లోంచీ ఉప్పునీళ్ళలోంచీ విద్యుత్తుని తన ఒంట్లోకే పంపించుకుని, తగిలిన షాకుని బట్టి, తరవాత ఓమ్ 1827లో ప్రకటించిన నియమం లాంటిదే 1781లో పట్టుకున్నాడు. ఒంటినే మీటరు చేసుకున్న మనిషి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు! 1810లో కన్నుమూశాడు.

ఆ కాగితాల కట్టలు చివరికి కేంబ్రిడ్జిలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ చేతికొచ్చాయి. విద్యుత్తుకీ అయస్కాంతానికీ ముడిపెట్టిన మహానుభావుడు తన చివరి అయిదేళ్ళలో ఎక్కువ కాలం ఇంకొకరి రాతలు సరిచూడటానికి ఖర్చుపెట్టాడు. గోళం ప్రయోగం తిరిగి చేయించాడు కూడా. 1879లో పుస్తకం వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే, 48 ఏళ్ళకే మాక్స్‌వెల్ పోయాడు. రెండేళ్ళ తరవాత, 1881లో, పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభ ఆవేశానికి ప్రమాణంగా కూలుమ్ పేరు పెట్టింది.

ఇది అన్యాయం అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. కూలుమ్ ఎవరి సొత్తూ దొంగిలించలేదు. తనంత తాను తూచి, నలుగురిలో పెట్టాడు. నష్టపోయింది కావెండిష్ కూడా కాదు. ఆయనకి పేరు అక్కర్లేదు. నష్టపోయింది ఆ మధ్యకాలంలో అదే దారిని మొదట్నించీ తవ్వుకున్నవాళ్ళు.

మనవేపు పసరు మందు ఎరిగినవాళ్ళు కొందరు, చెబితే గుణం పోతుందని చెప్పేవారు కాదు. గుణం సంగతి దేవుడెరుగు, వాళ్ళతోపాటు మందే పోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర పనికొచ్చే విద్య ఏదన్నా ఉంటే ఇవాళే అడిగి రాసుకోండి. అందరి కాగితాలకీ మాక్స్‌వెల్ దొరకడు.