మెరుపును తూచిన ఆరు దశాబ్దాలు

1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబులో, హ్యూస్ పరిశోధనశాలలో థియొడోర్ మైమన్ రూబీ కడ్డీ నుంచి తొలి లేజర్ కాంతిని రప్పించాడు. ఆ తొలి ఏళ్లలో లేజర్ సత్తాకు వాడిన మోటు కొలమానం గడ్డం గీసుకునే బ్లేడు! వరసగా పేర్చిన ఎన్ని బ్లేడ్లకు ఒక్క దెబ్బతో చిల్లు పడితే అన్ని ‘జిలెట్‌లు’. సరదా కొలతే, కానీ దారి సరైనదే. అంతటి పల్స్‌లోని ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే సాధనం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అది చేసిన పనిని చూసి వెనక్కి లెక్క కట్టుకోవాల్సిందే.

ఆ లెక్కకు సూత్రం మాత్రం లేజర్ కన్నా చాలా ముందే సిద్ధమైంది. 1900లో ప్లాంక్ తన స్థిరాంకాన్ని ఇచ్చాడు, 1905లో ఐన్‌స్టీన్ కాంతి శక్తి పొట్లాలుగా ఉంటుందన్నాడు. ధాన్యం బస్తాను కాటా వేసి గింజ బరువుతో భాగించినట్టే, పల్స్ మొత్తం శక్తిని ఒక్క ఫోటాన్ శక్తితో భాగిస్తే సరి. రూబీ తరంగదైర్ఘ్యం 694.3 నానోమీటర్లు, దాని ఫోటాన్ శక్తి 2.86×10⁻¹⁹ జౌళ్లు. అంటే ఒక జౌల్ పల్స్‌లో 3.5×10¹⁸ ఫోటాన్లు, మన లెక్కలో 35 వేల కోట్ల కోట్లు.

భాగహారం హైస్కూలు పిల్లలదే, చిక్కంతా కాటా దగ్గర. 1960ల్లో సన్నటి ఎనామెల్ రాగి తీగను చిందరవందరగా కుక్కి అందులోకి పల్స్‌ను కొట్టేవారు. వేడెక్కిన తీగ నిరోధం ఎంత పెరిగిందో చూసి శక్తిని తేల్చేవారు. పైగా తొలి రూబీ పల్స్ ఒక్క మెరుపు కాదు, ఎగుడుదిగుడు చిరుమెరుపుల గుంపు. 1962లో మెక్‌క్లంగ్, హెల్‌వార్త్ క్యూ-స్విచింగ్‌తో దాన్ని ఒకే పొట్టి పల్స్‌గా మలిచారు. అలాంటి పల్స్‌కు మెగావాట్ల సత్తా అనగానే ఫోటాన్లు పెరిగాయనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. పెరిగింది వేగమే, అదే శక్తి కొద్ది కాలంలో వచ్చి పడుతుందంతే. 2019లో ప్లాంక్ స్థిరాంకం విలువను శాశ్వతంగా ఖాయం చేశాక ఆ అంకెలో అనుమానం మిగల్లేదు. ఇక పొరపాటంతా శక్తిని కొలిచే మీటర్‌దే.

ఈ లెక్క అక్కరకొచ్చిన తావుల్లో చంద్రుడిదే పైచేయి. 1969 జులైలో అపోలో 11 వ్యోమగాములు అక్కడ పరావర్తకాల పలకను ఉంచారు. ఆగస్టు 1న లిక్ అబ్జర్వేటరీకి దాని నుంచి తొలి ప్రతిధ్వని అందింది. ఈ శతాబ్దంలో న్యూమెక్సికోలోని అపాచీ పాయింట్ అబ్జర్వేటరీ నుంచి పంపిన ఒక్కో ఆకుపచ్చ పల్స్‌లో 115 మిల్లీజౌళ్ల శక్తి ఉండేది, అంటే దాదాపు 3×10¹⁷ ఫోటాన్లు. తిరిగొచ్చి డిటెక్టర్‌లో పడేది సుమారు ఒకటి! వెళ్లినవెన్నో తెలుసు గనుక రావాల్సినవెన్నో కూడా లెక్క కట్టారు. వస్తున్నవి అందులో పదో వంతే. పౌర్ణమినాడు ఇంకా తక్కువ. పరావర్తకాలు పాడయ్యాయని, బహుశా చంద్రధూళి పట్టిందని అలా తేలింది.

పెద్ద అంకెల కొసన అమెరికాలోని లివర్‌మోర్ పరిశోధనశాల ఉంది. 2022 డిసెంబర్ 5న 192 పుంజాలు కలిసి 351 నానోమీటర్ల కాంతిగా లక్ష్యంపై కురిపించిన 20.5 లక్షల జౌళ్లను భాగిస్తే 3.6×10²⁴ ఫోటాన్లు వస్తాయి. రసాయన శాస్త్రజ్ఞుల కొలతలో ఆరు మోల్‌లు.

రెండో కొసన ‘ఎన్ని’ అన్న ప్రశ్నకే నిలకడ లేదు. లేజర్ పల్స్‌కు ఫోటాన్ల సగటు ఉంటుంది గానీ ఖచ్చితమైన సంఖ్య ఉండదని 1963లో గ్లాబర్ సిద్ధాంతం తేల్చింది. అపాచీ పాయింట్ పల్స్‌లో సగటు చుట్టూ ఈ ఊగిసలాట సుమారు 55 కోట్లు. ఆ మహాసంఖ్య ముందు అది లెక్కలోకే రాదు. కానీ 1984లో బెనెట్, బ్రాసార్డ్ ప్రతిపాదించిన, ఒక్కో ఫోటాన్‌పై సమాచారం పంపే క్వాంటం రహస్య సంకేతాలకు అదే ప్రాణసంకటం. పల్స్‌ను సగటున 0.1 ఫోటాన్‌కు తగ్గిస్తే, వెయ్యింటిలో సుమారు 905 ఖాళీగా పోతాయి. 90కి పైగా ఒంటరి ఫోటాన్‌తో వెళ్తాయి, ఓ అయిదింటిలో మాత్రం రెండో అంతకన్నా ఎక్కువో దూరతాయి. ఒక ఫోటాన్‌ను కాజేసి మిగతాదాన్ని పోనిచ్చి చాటుగా వినేవాడికి ఆ అయిదే చాలు. 2003లో వోన్-యంగ్ హ్వాంగ్ దీనికి ఉపాయం చెప్పాడు: వేరే సగటు ఉన్న పల్స్‌లను కావాలనే మధ్యమధ్య కలిపి పంపాలి. దొంగ చేయిపెడితే వాటిలో, అసలువాటిలో అవతలికి చేరేవాటి నిష్పత్తి తప్పి, దొరికిపోతాడు.