బతుకమ్మలో మన పూలేవి?

బంతిపూలు లేకుండా మనకు పండుగ లేదు. గుమ్మానికి తోరణం, దేవుడి పటానికి దండ, దసరా నాడు బండికి దండ, అన్నీ బంతిపూలే. అయినా బంతి పుట్టిల్లు మన దేశం కాదు, మెక్సికో. స్పెయిన్ వాళ్లు అక్కడ అడుగుపెట్టాక, అంటే 1500ల తర్వాతే, ఆ విత్తనం సముద్రాలు దాటింది. సాయంత్రం పూసే చంద్రకాంత, పచ్చగన్నేరు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిన కోడళ్లే. గేటు మీదికి పాకించుకునే కాగితప్పూల తీగను ఫ్రెంచి ఓడలో వచ్చిన కొమెర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1767లో బ్రెజిల్‌లో చూసి, తమ నాయకుడు బూగన్‌విల్ పేరు పెట్టాడు.

వచ్చిన కోడళ్లను వెళ్లగొట్టమని నేననను. వాళ్లూ మన ఇంటివాళ్లే అయిపోయారు. మరి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల సంగతేంటి?

మా తెలంగాణ బతుకమ్మనే చూడండి. అందులో బంతి ఉంటుంది, గుమ్మడాకు, గుమ్మడిపువ్వు ఉంటాయి. మనం కూర వండుకునే తీపి గుమ్మడి కూడా అమెరికా నుంచి వచ్చిందే. ఈ రెండూ రాకముందు ఆడవాళ్లు పూలు పేర్చుకుని ఉంటే తాంబాళం నింపింది తంగేడు, తామర, చేలల్లో విత్తకుండానే మొలిచే గునుగు అయ్యుంటాయని నా ఊహ.

మన చెట్లను శ్రద్ధగా చూసిన పరాయివాడు ఒకాయన ఉన్నాడు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. 1780లలో గోదావరి సీమలోని సామర్లకోటలో ఉంటూ, మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. అయినా మన మోదుగకు శాస్త్రంలో దక్కింది బ్యూట్ ప్రభువనే బ్రిటన్ మాజీ ప్రధాని పేరే!

2014లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది, బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. పేరైతే వచ్చింది కానీ పొద మిగలడం లేదు. మా ఊరి బయట తంగేడు గుట్ట ఇప్పుడు ప్లాట్లయింది. చేలలో కలుపు మందు కొడితే గునుగు పోతుంది. మా అమ్మ గంప పట్టుకుని వెళ్లి కోసుకొచ్చిన పూలను నేను మార్కెట్లో కట్టలు లెక్కపెట్టి కొంటున్నాను.

అందుకే మూడేళ్ల కింద ప్రహరీ పక్కన తంగేడు పెట్టాను. గింజ పెంకు గట్టిది. వేడినీళ్లలో వేసి, రాత్రంతా నాననిచ్చి విత్తాను. ఎండ బాగా తగలాలి, నీళ్లు తక్కువ చాలు. గునుగుకు కుండీ సరిపోతుంది. కొన్ని వెన్నులు ఎండనిస్తే నల్లటి సన్న గింజలు రాలి మళ్లీ ఏడాదికి అవే మొలుస్తాయి. ఆ వెన్నులు ఎండినా రాలవు, రంగు అద్దుకోవచ్చు, పూలసజ్జలో వారాల తరబడి నిలుస్తాయి.

ఈసారి పండుగయ్యాక ఎండిన గునుగు వెన్నులు పారేయకండి. గింజలు దులిపి కాగితంలో పొట్లం కట్టి దాచండి. మీ కోడలికో, పక్కింటి వదినకో అందులో సగం ఇవ్వండి.