గర్భిణులకు వ్యాయామం: పొలం పని, బీడీల పని చేస్తే సరిపోతుందా? రోజుకు ఎంత నడవాలి? ఎప్పుడు ఆపేయాలి?

కడుపుతో ఉన్నప్పుడు నడిస్తే మంచిదా? కదలకుండా పడుకుంటే మంచిదా? ఇంట్లో పెద్దవాళ్లు ఒకటి చెబితే, పక్కింటివాళ్లు ఇంకోటి చెబుతారు. నిజామాబాద్ జిల్లా పోచంపాడ్, ఆర్మూర్ వైపు ఈ ప్రశ్నకు మరో మెలిక ఉంది. ఇక్కడ చాలామంది మహిళలు ఇంట్లో బీడీలు చుడతారు, పసుపు చేలల్లో కూలికి వెళ్తారు. రోజంతా పనే కదా, మళ్లీ వ్యాయామం ఎందుకు అనుకుంటారు. కానీ పని వేరు, వ్యాయామం వేరు.

తేడా ఏంటి?

బీడీలు చుట్టేటప్పుడు చాట ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి వంగి కూర్చోవాలి. చేతులు తప్ప ఒళ్లు కదలదు. నడుము, మెడ పట్టేస్తాయి, కాళ్లు వాస్తాయి. పొగాకు దుమ్ము గర్భిణులకు అసలే మంచిది కాదు. పసుపు పని దీనికి పూర్తిగా రివర్స్. జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం, కొమ్ములు ఏరడం, ఉడకబెట్టడం ఉంటాయి. వంగుడు, బరువులు, ఎండ, ఆవిరి వేడి.. అన్నీ ఒకేసారి. అలసట వచ్చినా మధ్యలో ఆపడం కుదరదు. వ్యాయామంలో అయితే ఎప్పుడు ఆపాలో మీ చేతిలోనే ఉంటుంది.

ఎంతసేపు చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం, ఇబ్బందులేమీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలి. అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు. ఒకేసారి కుదరకపోతే 10 నిమిషాల చొప్పున మూడుసార్లు నడవొచ్చు. దీనివల్ల గర్భంతో వచ్చే షుగర్, బీపీ ముప్పు తగ్గుతుంది. బరువు అతిగా పెరగదు.

సరిగ్గా నడుస్తున్నారో లేదో తెలుసుకోవడం ఈజీ. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట్లాడటానికే ఆయాసం వస్తే వేగం తగ్గించాలి.

ఇలా చేయండి

- పొద్దున లేదా సాయంత్రం చల్లపూట, చదునైన దారిలో నడవాలి. జారే కాలువ గట్లు వద్దు.
- ముందూ తర్వాతా నీళ్లు తాగాలి. పరగడుపున నడవొద్దు.
- బీడీలు చుట్టేవాళ్లు గంటకోసారైనా లేచి నాలుగడుగులు వేయాలి.
- మూత్రం ఆపుకున్నట్టు కండరాలు 5 సెకన్లు బిగించి వదలాలి. ఇలా 10 సార్లు. మూత్రానికి వెళ్లినప్పుడు మాత్రం ఇది చేయకూడదు.

ఇవి వద్దు

- మూడు నెలలు దాటాక వెల్లకిలా పడుకుని చేసే ఆసనాలు.
- కింద పడే, కడుపుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నవి.
- మిట్టమధ్యాహ్నం ఎండలో, పసుపు ఉడికే డ్రమ్ముల దగ్గర శ్రమ.

ఇలా అనిపిస్తే వెంటనే ఆపేయాలి

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, కళ్లు తిరగడం, ఛాతీలో నొప్పి, తీవ్రమైన తలనొప్పి, ఒక పిక్కలోనే నొప్పి లేదా వాపు, ఆగకుండా వచ్చే నొప్పులు. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. బిడ్డ కదలికలు తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎవరు ముందు డాక్టర్‌ను అడగాలి?

గుండె జబ్బు, హైబీపీ, మాయ కిందికి ఉండటం, కవలలు, ముందు నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్లు డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టొద్దు. రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్లు కూడా అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) లెక్కల్లో తెలంగాణ గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే హిమోగ్లోబిన్ ఎంతుందో తెలుసుకున్నాకే చెప్పులేసుకోవాలి.

నార్మల్ డెలివరీ గ్యారంటీనా?

కాదు. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దానికి కారణాలు చాలా ఉన్నాయి. నడిచినా ఆపరేషన్ అయితే అది తల్లి తప్పు కాదు. నడక వల్ల వచ్చే ఆరోగ్యం మాత్రం ఎక్కడికీ పోదు.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. చెకప్‌కు వెళ్లిరావడానికి 102 వాహనం ఉంది. ఈసారి వెళ్లినప్పుడు మందులతో పాటు ఇంకో మాట కూడా అడగండి: "నేను ఎంత నడవొచ్చు? ఏ పని మానుకోవాలి?"

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టర్ సలహా తప్పనిసరి.)