ఎఱ్ఱగుడి శిలయు యవనపుర మార్గమును

ఓడల చరిత్ర వ్రాయువారు రేవుపట్టణములతో మొదలిడి రేవుపట్టణములతోనే ముగించుట వాడుకయైనది. ఆంధ్రదేశమునకు వచ్చునప్పటికి ఘంటసాల, మోటుపల్లి, మచిలీపట్టణము, కోరంగి అను నాలుగు పేళ్లు చెప్పినచో పని తీరినదని తలంతురు. తుంగభద్రకు దక్షిణమున నల్లరేగడి నేలల నడుమనున్న ఆదోని, ఎమ్మిగనూరులు ఈ ప్రసంగమున నెవరికిని తలపునకు రావు. కారణము స్పష్టమే. ఆదోనినుండి తూర్పునకు పోయినను పడమరకు పోయినను సముద్రము రమారమి ఇన్నూఱు మైళ్ల దూరము. అయినను మధ్యధరాసముద్రపు తూర్పుతీరముల నేలిన యవనరాజుల పేళ్లు, ఆ రాజుల కాలముననే లిఖితమైన శాసనమునుండి చెక్కిన శిల ఆంధ్రదేశమున ఈ పడమటి కర్నూలు సీమయందే కలదు గాని యే రేవునందును లేదు.

ఆ శిల ఎఱ్ఱగుడియందలిది. గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో, ఆదోనికి ఆగ్నేయదిక్కున నున్న ఈ చిన్నగ్రామపు గుట్టమీది వ్రాత 1928-29 ప్రాంతమున భూగర్భశాస్త్రజ్ఞుడగు ఘోషువలన పండితలోకమునకు తెలియవచ్చినది. అశోకుని పదునాలుగు శిలాశాసనములును, వానితోగూడ లఘుశాసనములును ఒక్కచోటనే యుండుట దక్షిణదేశమున మఱెక్కడను లేదు. లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, చాలుదున్ను ఎద్దు మరలినట్లు నడచుట లిపిశాస్త్రజ్ఞులకు నేటికిని వింతగానే యున్నది. ఈ శిల ఒంటరిది కాదు. పత్తికొండ దాపున రాజులమందగిరి, వాయవ్యమున మస్కి, పడమట తుంగభద్ర చెంతనున్న నిట్టూరు, ఉడేగోళము, ఇవి యన్నియు అశోకశాసనములు గల స్థలములే. పటమున గుర్తించి చూచినచో ఆదోని, ఎమ్మిగనూరులు వీని నడుమ పడును. మౌర్యరాజ్యమునకు ఈ సీమపై ఇంత దృష్టి యేల కలిగెనన్నచో ఇచటి బంగారమును పలువురు కారణముగా చెప్పుదురు. బ్రహ్మగిరి శాసనమున రాజపుత్రుని నివాసముగా చెప్పబడిన సువర్ణగిరి, ఎఱ్ఱగుడికి చేరువనున్న జొన్నగిరియే యని కొందఱు, మస్కివైపునున్న కనకగిరియని కొందఱు వాదించుచున్నారు. ఏది సరియైనను రెండును ఈ సీమ పరిసరములలోనివే.

రెండవ శాసనమున అంతియోకుడను యవనరాజు రాజ్యమునను, అతని పొరుగు రాజుల రాజ్యములందును మనుష్యులకు, పశువులకు చికిత్స యేర్పఱుపబడినదనియు, ఓషధులు లేని తావులకు ఓషధులు పంపి నాటింపబడినవనియు కలదు. పదమూడవ శాసనమున అంతియోకునితోబాటు అతనికి ఆవలనున్న నలుగురు రాజుల పేళ్లు చెప్పబడినవి. ఆ నలుగురు తురమాయ, అంతికిని, మక, అలికసుదరులు. వీరిని పాశ్చాత్యచరిత్రలతో పోల్చిన పండితులు అంతియోకుని సిరియా నేలిన రెండవ ఆంటియొకస్ గాను, తురమాయుని ఈజిప్టు నేలిన రెండవ టాలెమీ గాను, అంతికినిని మాసిడోనియా రాజగు ఆంటిగొనస్ గాను, మకుని కైరీను రాజగు మాగస్ గాను నిర్ణయించిరి. అలికసుదరుడు ఎపిరస్ రాజా, కొరింథు ప్రభువా యను వివాదము తీఱలేదు. ఈ యైదుగురును ఏకకాలమున జీవించియున్న వత్సరములు క్రీ. పూ. 3వ శతాబ్ది మధ్యమున కొలదిగానే యుండుటచే అశోకుని కాలమును, దానినిబట్టి భారతదేశ ప్రాచీనచరిత్ర కాలక్రమమును చాలవఱకు ఈ పేళ్లమీదనే నిలిచియున్నవి.

వ్యాకరణము చదివినవారికి ఈ పేళ్లలో చూడదగిన విశేషము మఱియొకటి కలదు. 'ప్టొలెమాయొస్' అను గ్రీకుపదమున ఆదియందలి సంయుక్తాక్షరము ప్రాకృతముఖమున నిలువజాలక పకారము లోపించినది. ఒకారము ఉకారమైనది. లకారము గిర్నారు పాఠమున రేఫయై 'తురమాయ' యనియు, కాల్సీ పాఠమున లకారముగానే యుండి 'తులమయ' యనియు కనబడును. 'అలెక్సాండ్రొస్' అనుదానిలోని సంయుక్తము స్వరభక్తిచే విడిపోయి 'అలికసుదర' యైనది. ఆంటిగొనస్ శబ్దమున గకారమునకు కకారము వచ్చుట పైశాచీలక్షణము నెఱిగినవారికి నవ్వు తెప్పించును గాని, ఇది పైశాచి కాదు, పరభాషాపదమును చెవితో విని నోటితో దిద్దుకొన్న లేఖకుని పని. ఆదోని బజారున నేటికిని స్టేషను 'ఇస్టేషను' అగుట ఈ న్యాయముననే. ఈ రూపములు పుస్తకములు చూచి వ్రాసినవి కావనియు, దూతల నోట విన్నవనియు చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యము వేఱొకటి యక్కఱలేదు.

యవనశబ్దముగూడ ఇట్టిదే. అది ఐయొనియా యను తీరదేశపు పేరు. పారసీకులు దానిని 'యౌన' యనిరి, ప్రాకృతమున 'యోన' యైనది. పాణిని నాలుగవ యధ్యాయమున ఆనుగాగమమును విధించు సూత్రమున యవనశబ్దమును గ్రహించెను. యవనాని యనగా యవనుల లిపి యని కాత్యాయనుడు వార్తికమున వివరించెను. పతంజలి తనకాలమున జరిగిన సంగతిని లఙ్ లకారమునకు ఉదాహరణముగా చూపుచు యవనుడు సాకేతమును ముట్టడించుటను పేర్కొనెను. శబ్దశాస్త్రజ్ఞులకు యవనులు కథలలోని జనులు కారు.

ఇక ఆ రాజుల రేవుల సంగతి. అంతియోకుని రాజధాని ఆంటియొకు పట్టణము ఒరాంటీసు నదిపై నున్నది. ఆ నదీముఖమున సెల్యూసియా దాని రేవు. మకుని కైరీనునకు అపొలోనియా రేవు. వీనిలో మేటి తురమాయుని అలెగ్జాండ్రియా. ఫారోసు ద్వీపముమీది దీపస్తంభము ఈ రెండవ టాలెమీ యేలుబడియందే పూర్తియైనది. ఎఱ్ఱసముద్రపు తీరమున బెరెనీకె యను రేవును తన తల్లి పేర స్థాపించినవాడును, నైలునదిని ఎఱ్ఱసముద్రముతో కలుపు కాలువను నడపించినవాడును ఇతడే. ఇతడు భారతరాజునొద్దకు దియొనీసియస్ అనువానిని పంపెనని ప్లీనీ చెప్పుచున్నాడు. కావున దూతలు ఒకవైపునుండియే పోలేదు.

ఆ త్రోవ ఎట్టిదో మూడువందల యేండ్లకు పిమ్మట అదే ప్లీనీ దినములు లెక్కించి వ్రాసియుంచెను. అలెగ్జాండ్రియా యొద్దనుండి నైలునదిపై ఎగువకు గాలివాలున కాప్టోసు చేరుటకు పండ్రెండు దినములు. అచటనుండి ఒంటెలపై ఎడారి దాటి బెరెనీకె చేరుటకు మఱి పండ్రెండు దినములు. ఎండకు జడిసి రాత్రులందే నడచుచు, నీటిబావుల యొద్ద మజిలీలు చేయుచుండిరి. నడివేసవిలో ఓడ విడిచినచో ముప్పదిదినములకు అరేబియా కొసనున్న ఒకేలిసును, అచటనుండి హిప్పాలసు గాలి యని వారు పిలిచిన నైరృతిపవనముచే నలువది దినములకు కేరళతీరపు ముచిరినిని చేరుచుండిరి. మొత్తము తొంబదినాలుగు దినములు. తిరుగుప్రయాణము మార్గశీర్ష పుష్యముల గాలితో. కాలము తప్పినచో ఒక సంవత్సరము రేవున కూర్చుండవలసినదే. ఏటేటను భారతదేశము రోమకరాజ్యమునుండి ఐదుకోట్ల సెస్టర్సుల ధనము లాగికొనుచున్నదని ప్లీనీ వగచెను. అలెగ్జాండ్రియాలో సరకుల విలువలో నాలుగవవంతు సుంకముగా తీసికొనుచుండిరి. వియన్నా నగరమున నున్న ముచిరిని ఋణపత్రమున హెర్మపొల్లోను అను ఓడ సరకుల లెక్కతోబాటు ఈ సుంకపు మాటయు కలదు. ఆంధ్రదేశమున వినుకొండ, నంద్యాల మొదలగు తావుల దొరకిన రోమక సువర్ణనాణెములు ఈ ధనప్రవాహపు తుంపరలు.

దూతలు నిజముగా పోయిరా యని సందేహించువారు కలరు. పదమూడవ శాసనముననే, దూతలు పోనిచోట్లగూడ ధర్మమును విని ఆచరించుచున్నారని యుండుటచే అంతయు రాజుగారి గొప్పమాటయే యని వారి వాదము. కాని పోనిచోట్లను వేఱుగా చెప్పుటయే పోయినచోట్లు కలవనుటకు గుర్తు. దీనితో పోల్చి చూడదగినది మహాభారత సభాపర్వమున కలదు. సహదేవుడు దక్షిణదిగ్విజయమున కొన్ని దూరదేశములను సేనతో గాక దూతలచేతనే వశపఱచుకొని కప్పము గైకొన్నట్లు అచట చెప్పబడినది. ప్రచారముననున్న ముద్రితప్రతులలో ఆ దేశముల పేళ్లున్నచోట ఒక 'అటవి', ఒక 'రమ్య'మైన పురి, యవనుల పురము అను నర్థము వచ్చు పాఠము కలదు. అడవిని దూతలచే గెలుచుట యేమని యే పండితుడును అడుగలేదు. పుణ్యపత్తనపు భండార్కరు ప్రాచ్యవిద్యాసంశోధన మందిరమువారి పక్షమున సభాపర్వమును పరిష్కరించిన ఎడ్జర్టను 1938లో ఈ పాఠమును శోధించి, అచట నుండదగినవి 'అంతాఖీ', 'రోమా' యను పేళ్లని చూపెను. అంతాఖి ఆంటియొకు. రోమ రోమునగరము. యవనుల పురము అలెగ్జాండ్రియా. అంతాఖి యెఱుగని లేఖకుడు దానిని అటవి చేసెను. రోమ యెఱుగనివాడు రమ్య చేసెను. ఆంటియొకు క్రీ. పూ. 300లో కట్టబడినది గావున ఆ శ్లోకము అంతకు తరువాతిదనియు దీనిచే తేలుచున్నది.

తాళపత్రము చేసిన యీ పొరపాటును శిల చేయలేదు. మూలశాసనమునుండి వచ్చిన పేళ్లను చెక్కినవాడు, ఆ పేళ్లు తనకు తెలిసినను తెలియకున్నను, ఉన్నవి ఉన్నట్లు చెక్కెను. తాళపత్రపు లేఖకునికి తెలియని పేరు తప్పుగా తోచును. తప్పు దిద్దుట ధర్మమనియు తోచును. ఆ దిద్దుబాటులోనే సగము చరిత్ర పోయినది.

గణితశాస్త్రజ్ఞులు మాత్రము యవనపురమును మఱవలేదు. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు పంచసిద్ధాంతికయందు యవనపురమునకు అవంతికి నడుమ అంతరము 7 నాడులు 20 వినాడులనియు, వారాణసికి 9 నాడులనియు చెప్పెను. నాడికి ఆఱు భాగలచొప్పున మొదటిది 44 భాగలగును. నేటి పటములనుబట్టి అలెగ్జాండ్రియాకు ఉజ్జయినికి అంతరము ఇంచుమించు 46 భాగలు. ఓడవానికిని ఒంటెవానికిని గడియారములు లేని కాలమున రెండుభాగల లోపు తేడా యెన్నదగినది కాదు. రోమకసిద్ధాంతమున అహర్గణమును యవనపురపు సూర్యాస్తమయమునుండి లెక్కింతురు. పంచాంగకర్తల చేతిలో ఒక పరదేశపు రేవు కాలమునకు మొదలుగా నిలిచినదన్నమాట.

తరువాత శబ్దమే అర్థము మార్చుకొన్నది. విజయనగర కాలమునకు యవనులనగా తురుష్కులైరి. 1568లో ఆదోనిదుర్గము బిజాపురము వశమైన పిమ్మటి వ్రాతలలో యవనశబ్దము కనబడినప్పుడు దానిని గ్రీకులకు చేర్చుట కూడదు. మధ్యధరాతీరమునకు అప్పటికి 'రూము' అను క్రొత్తపేరు వచ్చినది. అదియు రోమశబ్దపు వికారమే. బిజాపురమునందలి మలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని 1549లో పోతపోసినవాడు రూమీ యను ఇంటిపేరు గల మహమ్మదు. ఆదిలుషాహీ వంశకర్తయగు యూసుఫు ఉస్మానీ సుల్తాను కుమారుడని ఫెరిష్తా కథ చెప్పెను. కథ నిజమో కాదో గాని, రూముదేశపు సంబంధము రాజవంశమునకు గౌరవహేతువని అందఱును తలంచిరనుటకు అది చాలును. ఆదోనినేలి, అచటి జామియా మసీదును కట్టించి, 1688లో మొగలులకు లోబడిన సిద్దీ మసూదుఖానుడు హబషీజాతివాడు. హబషీలు ఎఱ్ఱసముద్రపు ఆఫ్రికా రేవులనుండి పడమటితీరమునకు వచ్చినవారు. ఆ రేవులలో అదూలిసు అనునది పెరిప్లసు గ్రంథముననే పేర్కొనబడినది. మూలికల దుకాణములలో అమ్ము రూమీమస్తకి గ్రీకుదేశపు ఖియోసు ద్వీపమునందలి చెట్టుబంక. అంతాఖి అటవియైన భాషలో ఒక ద్వీపపు బంకకు రూము పేరు చెదరక నిలుచుట, పండితుల నోటికన్న వర్తకుల నోరు పేళ్లను బాగుగా కాపాడుననుటకు నిదర్శనము.

ప్రత్తి వలన ఈ సీమ మరల ఆ మార్గమునకు వచ్చినది. 1861–65 నడుమ అమెరికాలో అంతర్యుద్ధము జరిగి లాంకషైరు మిల్లులకు ప్రత్తి కఱవైనప్పుడు, ధర పెరిగి లాభపడినవారిలో నైలునదీతీరపు రైతులును, ఆదోని అప్పుడు చేరియుండిన బళ్లారి జిల్లా రైతులును కలరు. ఒకప్పుడు సరకు దింపుకొను రేవైన అలెగ్జాండ్రియా ఇప్పుడు ప్రత్తి యెగుమతిలో పోటీదారయ్యెను. 1869లో సూయజు కాలువ తెఱవబడినది. 1871 నాటికి ఆదోనిమీదుగా మదరాసు–రాయచూరు ఇనుపదారి పూర్తియై బొంబాయి దారితో కలిసినది. టాలెమీ కాలువ నైలునదిద్వారా చుట్టి పోయెడిది, ఈ క్రొత్తకాలువ సముద్రమును సముద్రముతో తిన్నగా కలిపినది. తొంబదినాలుగు దినముల లెక్క అంతటితో తీఱినది.

ఎమ్మిగనూరు విషయమున ఒక జాగ్రత్త కావలెను. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన సహకారసంఘముచే ప్రసిద్ధికెక్కిన యీ నేతయూరి పేరు చూచి, పెరిప్లసు కర్త మెచ్చిన సన్ననివస్త్రములు ఇచటి మగ్గములవే యని కొందఱు ఉత్సాహమున చెప్పుదురు. ఆ గ్రంథకర్త సన్ననివస్త్రములను తూర్పుతీరపు మసాలియాకును, తగరమునుండి భరుకచ్ఛమునకు వచ్చు వస్త్రములను ఆ రెండు ఊళ్లకును చెప్పెను గాని తుంగభద్రాతీరమును పేర్కొనలేదు. ఎఱ్ఱగుడి శిల ఇచ్చుచున్న సాక్ష్యము పేళ్లది, వస్త్రములది కాదు.