ఓనమాలు: అడిగి తెచ్చుకున్న చదువు

వసంత పంచమి నాడు బాసర సరస్వతి గుడిలో గంటల మోత కంటే పిల్లల ఏడుపే గట్టిగా వినిపిస్తుంది. తండ్రి ఒళ్లో మూడేళ్ల బుడత గింజుకుంటూ ఉంటుంది. ఎదురుగా కొత్త పలక, బలపం, బియ్యం, పసుపు కుంకుమలు. పూజారి ఆ చిట్టి చేతిని పట్టుకుని రెండక్షరాలు దిద్దిస్తాడు. అక్షరాభ్యాసం అయిపోతుంది. ఆ కాస్త తంతు కోసం ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల నుంచే కాదు, అవతల నాందేడ్ వైపు నుంచీ జనం రైలెక్కి వస్తారు.

స్థలపురాణం ఈ ఆచారాన్ని వ్యాసుడి దాకా తీసుకెళ్తుంది. కురుక్షేత్రం ముగిశాక మనశ్శాంతి కరువైన వ్యాసుడు గోదావరి ఒడ్డుకు చేరాడట. రోజూ స్నానం చేసి మూడు గుప్పెళ్ల ఇసుక తెచ్చి మూడు చోట్ల పోసేవాడట. ఆ ఇసుకే సరస్వతి, లక్ష్మి, మహాకాళి మూర్తులైందని, వాటికి పసుపు పూశారని చెబుతారు. అమ్మవారి ఒంటి పసుపును ఇప్పటికీ ప్రసాదంగా నోట్లో వేసుకుంటారు. వ్యాసుడున్న చోటు వ్యాసర, అది వాసరగా మారి, మరాఠీ పలుకుబడితో బాసర అయిందని స్థానికుల మాట.

పురాణం అలా ఉంచి, పలక మీది అక్షరాల సంగతి చూద్దాం. పాతకాలం వీధిబడిలో పిల్లవాడు మొదట దిద్దింది ‘అ ఆ’లు కాదు, ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’. అందులోని ‘ఓం నమః’ నలిగి నలిగి ‘ఓనమాలు’ అయింది. శివుడి పక్కన ఈ ‘సిద్ధం’ ఎవరు? ఇది జైనుల సిద్ధులకు పెట్టిన నమస్కారమని కొందరు పండితులు అంటారు. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్, ఇక్కడి పిల్లలు ఆరో ఏట ‘సిద్ధం’తో చదువు మొదలుపెడతారని రాశాడు. అదే పేరున్న లిపి బౌద్ధంతోపాటు జపాన్ చేరి, అక్కడి గుళ్లలో మంత్రాక్షరంగా నేటికీ నిలిచి ఉంది. అంటే మన ఓనమాల్లో మూడు మతాల గొంతులు కలిశాయి.

జైనుల మాట వచ్చింది కాబట్టి కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల బొమ్మలగుట్ట దగ్గర ఒకసారి ఆగాలి. 10వ శతాబ్దంలో వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో అక్కడ శాసనం చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఆ బండ మీద ఉన్నాయి. తెలుగు కంద పద్యాలకు దొరికిన తొలి ఆధారాల్లో ఇదొకటి. ఆ శాసనం చెప్పే పనుల్లో బసది (జైన గుడి) ఉంది, చెరువు ఉంది, తోట ఉంది. మూడు భాషలు ఎరిగినవాడు తన పాండిత్యం పక్కనే ఊరి నీళ్ల సంగతీ రాయించాడు.

చదువు ఎవరి కోసమో గుర్తుచేసే మరో ఆచారం బాసరలోనే ఉంది. కొందరు భక్తులు దీక్ష పట్టి, ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని తింటూ అమ్మవారిని కొలుస్తారు. దాన్ని మాధుకరం అంటారు. తుమ్మెద పూవు పూవునా కొంచెం తేనె తీసుకున్నట్టు, ఎవరికీ బరువు కాకుండా తలా ఇంత అడగడం. ఇంట్లో లోటు లేనివాళ్లు కూడా జోలె పట్టుకుంటారు. విద్య కావాలంటే ముందు చేయి చాచడం నేర్చుకోవాలన్నది అందులోని నియమం. మన తాతల కాలంలో పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదివారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. చదువు చెప్పింది గురువైతే, అన్నం పెట్టి చదివించింది ఊరు. అలా వచ్చిన విద్య సొంత ఆస్తి ఎలా అవుతుంది? అది ఊరికి తీర్చాల్సిన అప్పు.

ఈ భావం ఒక్క మతానిదే కాదు. బైబిల్లో సొలొమోను రాజును ఏం కావాలో కోరుకోమని దేవుడు అడిగితే, అతను ఆయుష్షు అడగలేదు, ఐశ్వర్యం అడగలేదు. ప్రజలకు న్యాయం చెప్పే వివేకం అడిగాడు. ఇవాళ మనం బాసరలో మొక్కేది మాత్రం ఎక్కువగా ర్యాంకు కోసం, సీటు కోసం. అది తప్పని అనలేం. 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీకి అదే బాసరలో క్యాంపస్ ఉంది. పల్లె బడుల్లో పది పాసైన పిల్లలు ఎందరో అక్కడ ఇంజినీరింగ్ చదువుతున్నారు. సీటు అడగడంలో లోపం లేదు. అడగడం అక్కడితో ఆపేయడమే లోపం.

ఓనమాల్లో ‘నేను’ అన్న మాట లేదు, ‘నమః’ రెండుసార్లు ఉంది. అందుకే ఈసారి బిడ్డను తీసుకుని బాసర వెళ్లేటప్పుడు రెండు పలకలు కొనండి. ఒకటి మీ ఇంటికి, రెండోది మీ ఊరి అంగన్‌వాడీకి.